బడి ఏడాదిని ముందే లెక్క కట్టుకోవడం ఎలా: వరంగల్ వైపు హెడ్మాస్టర్లకు, కమిటీ తల్లులకు ఒక మార్గదర్శి

జూన్ 12న బడి గేటు తెరిచేసరికి రాష్ట్ర విద్యాశాఖ అకడమిక్ క్యాలెండరు చేతికి వస్తుంది. ప్రింటు తీసి నోటీసు బోర్డుకు అంటిస్తాం. పని అయిపోయిందనుకుంటాం. ఉమ్మడి వరంగల్ జిల్లా హైస్కూళ్ళలో టీచరుగా, ఆ తర్వాత హెడ్మాస్టరుగా నేను కూడా చాలా ఏళ్ళు అంతే చేశాను.

2025-26 క్యాలెండరునే చూడండి. పనిదినాలు 230 అని ఉంది. పదో తరగతి సిలబస్ జనవరి 10లోగా అయిపోవాలని కూడా అందులోనే ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకసారి లెక్క వేశాను. జూన్ 12 నుంచి జనవరి 10 దాకా 213 రోజులు. ఆదివారాలు 30, రెండో శనివారాలు 8, దసరా సెలవుల్లో ఆదివారాలు కాక మరో 11, ఇక బోనాలు, పంద్రాగస్టు, కృష్ణాష్టమి, వినాయక చవితి, మిలాదున్నబీ, దీపావళి, కార్తీక పౌర్ణమి, క్రిస్మస్ రెండు రోజులు, జనవరి ఒకటి. ఇవన్నీ తీసేస్తే మిగిలింది సుమారు 155 రోజులు. పరీక్షలకు, వానలకు పోయేవి కూడా తీస్తే 130 దగ్గర ఆగుతుంది. 230 రోజులున్నాయన్న ధైర్యంతో నవంబరు దాకా నింపాదిగా నడిచి, డిసెంబరులో పిల్లలను సాయంత్రం ఆరింటి దాకా కూర్చోబెట్టే టెన్షన్ అక్కడి నుంచే పుడుతుంది.

అందుకే ఈ లెక్కను జూన్ కంటే ముందే, ఊరిని చూసి, పిల్లలను చూసి వేసుకోవాలి. ఎలాగో హెడ్మాస్టర్లకు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలోని తల్లులకు వరుసగా చెబుతాను. ప్రభుత్వ బడికైనా చిన్న ప్రైవేటు బడికైనా పద్ధతి ఒకటే.

ముందుగా: మన చేతిలో ఏముంది, ఏం లేదు

బడి తెరిచే తేదీ, మూసే తేదీ, దసరా, సంక్రాంతి సెలవులు, పరీక్షల తేదీలు, బడి వేళలు రాష్ట్రం నిర్ణయిస్తుంది. ప్రైవేటు బడులకూ ఇవే వర్తిస్తాయి. దసరా సెలవుల్లో ‘స్పెషల్ క్లాసులు’ అని పిల్లలను పిలిపించుకోవడం తప్పు. వర్షాల సెలవు, జాతర సెలవు కలెక్టరు ప్రకటిస్తారు.

దీనికి కింద చట్టం ఒక గీత గీసింది. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది దాకా 220 పనిదినాలు, 1000 గంటలు. టీచరుకు వారానికి 45 గంటల పని, పాఠం తయారు చేసుకునే సమయం కూడా అందులోనే.

మిగిలినదంతా మన చేతిలోనే ఉంది. ఏ పీరియడులో ఏ సబ్జెక్టు, ఏ వారంలో ఏ పాఠం, యూనిట్ టెస్టు ఎప్పుడు, తల్లిదండ్రుల సమావేశం ఎప్పుడు, ఊరి పండుగకు అనుమతి ఎప్పుడు అడగాలి, పోయిన రోజును ఏ రోజున తిరిగి నడపాలి. మనకు లేని అధికారం గురించి బాధపడేవాళ్ళు ఎక్కువ. చేతిలో ఉన్నదాన్ని వాడేవాళ్ళు తక్కువ.

మొదటి అడుగు: పోయినేడాది హాజరు పట్టీ తీయండి

కొత్త క్యాలెండరు కంటే ముందు పాత హాజరు పట్టీ చూడాలి. ఏప్రిల్ ఆఖరి వారంలోనే, పట్టీలు బీరువాలోకి వెళ్ళకముందే ఈ పని చేయండి. ఒక పెద్ద చార్టు మీద జూన్ నుంచి ఏప్రిల్ దాకా నెలలు గీసి, తరగతిలో పదిమందికి ఆరుగురి కంటే తక్కువ వచ్చిన ప్రతి రోజునూ ఎర్ర పెన్సిలుతో చుట్టండి. ఒక పూట పని.

చార్టు పూర్తయ్యాక ఊరు మొత్తం అందులో కనిపిస్తుంది. మా దగ్గర కనిపించినవి చెబుతాను. ప్రతి వారం అంగడి రోజున పల్చబడే హాజరు. జూలైలో నాట్లకు కైకిలి పోయే తల్లుల వెంట చిన్న తమ్ముళ్ళను ఎత్తుకుని పోయే ఆడపిల్లలు. దసరా తర్వాత, నవంబరు డిసెంబరుల్లో పత్తి ఏరే రోజులు, ఇది అన్నిటికంటే పెద్ద దెబ్బ. సంక్రాంతి దాటాక మిర్చి ఏరడానికి ఇల్లు మొత్తం కదిలిపోయే తండాల పిల్లలు. కొమురవెల్లి, ఐనవోలు మల్లన్నకు ఆదివారం బోనం చేసి వచ్చి, అలసిపోయి సోమవారం రాని పిల్లలు.

పత్తికి బడి సెలవు ఇవ్వమని నేను అనడం లేదు. పిల్ల చేలో ఉండకూడదు, బడిలో ఉండాలి. దానికోసం ఇంటింటికీ తిరగాల్సిందే. కానీ మార్పు ఒక్క ఏడాదిలో రాదు. అప్పటిదాకా పదో తరగతి గణితంలో కష్టమైన పాఠాన్ని పత్తి ముమ్మరంగా ఉన్న వారంలో పెట్టకుండా ఉండడం మన పని. అది ఆగస్టులోనో దసరాకు ముందో అయిపోవాలి. ఆ వారాల్లో మళ్ళీ చెప్పడానికి వీలున్న పాఠాలు, సాధన, ప్రాజెక్టులు పెట్టండి. నాలుగు రోజులు రాని పిల్ల తిరిగి వచ్చినప్పుడు ‘నాకేం అర్థం కావట్లేదు సార్’ అని వెనక బెంచీలో కూర్చోదు.

రెండో అడుగు: తేదీలను మూడు పొరలుగా రాయండి

మొదటి పొర, రాష్ట్రం ఇచ్చిన తేదీలు. పెన్నుతో రాయండి.

రెండో పొర, తిథిని బట్టి మారే పండుగలు. ఇక్కడ పంచాంగం దగ్గర పెట్టుకోవాలి. అధికమాసం వచ్చిన ఏడాది దాని తర్వాతి పండుగలన్నీ ఆలస్యంగా వస్తాయి. 2025లో విజయదశమి అక్టోబరు 2న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి అక్టోబరు 20న వస్తుంది. పద్దెనిమిది రోజుల తేడా. అంటే మొదటి టర్ము అంత పొడుగవుతుంది, దసరాకూ సంక్రాంతికీ మధ్య కాలం అంత కురచవుతుంది. పోయినేడాది పాఠ్య ప్రణాళికను అలాగే కాపీ చేసుకుంటే రెండో టర్ములో ఇరుక్కుపోతాం.

బతుకమ్మ మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో రోజు సద్దులతో ముగుస్తుంది. దసరా సెలవులు సాధారణంగా దీన్ని కలుపుకునే ఉంటాయి. బడిలో బతుకమ్మ ఆడించేది సెలవులకు ముందు ఆఖరి పనిదినం. ఆ రోజు మధ్యాహ్నం పాఠం జరగదు, జరగాలని కూడా నేను కోరుకోను. తంగేడు, గునుగు ఏరుకొచ్చి పిల్లలు పేర్చే ఆ పూటను లెక్కలో ముందే సగం రోజుగా రాసుకోండి.

రంజాన్, బక్రీద్, పీర్ల పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తాయి. నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. ఆ తేదీకి ముందు రోజు, తర్వాతి రోజు పరీక్ష పెట్టవద్దు. పీర్ల పండుగ మన ఊళ్ళలో అందరి పండుగ. గుండం చుట్టూ రాత్రంతా ఉన్న పిల్లలు పొద్దున బడిలో నిద్రపోతారు.

మూడో పొర, మన ఊరివి, మన జిల్లావి. అన్నిటికంటే పెద్దది మేడారం. రెండేళ్ళకోసారి మాఘశుద్ధ పౌర్ణమి దగ్గర నాలుగు రోజులు సమ్మక్క సారలమ్మ జాతర. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. మళ్ళీ 2028లో. ఒకసారి నేను దీన్ని పట్టించుకోలేదు. 2020లో జాతర ఫిబ్రవరి 5 నుంచి 8 దాకా. అదే వారంలో పదో తరగతికి యూనిట్ టెస్టు పెట్టాను. 38 మందిలో మొదటి రోజు వచ్చింది 11 మంది. వచ్చిన పిల్లలకు ఒక పేపరు, తర్వాత వచ్చిన వాళ్ళకు ఇంకో పేపరు, దిద్దడానికి రెండింతల పని, చివరికి ఆ మార్కులకు అర్థమే లేకుండా పోయింది. రాని పిల్లల మీద కోపం తెచ్చుకున్నందుకు ఇప్పటికీ బాధపడతాను. నిలువెత్తు బంగారం (బెల్లం) మొక్కు ఉన్న ఇంట్లో పదిహేనేళ్ళ పిల్ల ఒక్కతే ఎక్కడ ఉంటుంది?

జాతర వారంలో ఇంకో సంగతి. ఆర్టీసీ బస్సులు వేల సంఖ్యలో అటు మళ్ళుతాయి. పల్లె బస్సులు తగ్గిపోతాయి. జాతరకు పోని పిల్ల కూడా బడికి రాలేకపోతుంది. కాబట్టి ములుగు, భూపాలపల్లి వైపు కలెక్టరు సెలవు ఇచ్చినా, మీ మండలంలో ఇవ్వకపోయినా, ఆ నాలుగు రోజులను మీ లెక్కలో ‘పాఠం ముందుకు సాగని రోజులు’ అనే రాసుకోండి. ఆదిలాబాద్ వైపు బడులకు కేస్లాపూర్ నాగోబా జాతర ఇలాంటిదే, పుష్య అమావాస్యకు. కాజీపేట దర్గా ఉర్సు, ఊరి పోచమ్మ బోనాలు, ఇవి మీ దగ్గరి వాళ్ళను అడిగితేనే తెలుస్తాయి. మధ్యాహ్న భోజనం వండే అమ్మను అడగండి. టీచర్లం పొరుగూరి నుంచి వస్తాం, ఆమె అదే ఊళ్ళో ఉంటుంది.

మూడో అడుగు: పది రోజులు దాచిపెట్టండి

ఈ మార్గదర్శిలో ఒక్క పనే చేస్తాను అంటే ఇది చేయండి. 230 రోజులు ఉంటే పాఠ్య ప్రణాళికను 220కే రాయండి. ఏ తేదీ ఖాళీగా వదలాలని కాదు. ప్రతి సబ్జెక్టు టీచరు తన పీరియడ్ల లెక్కలో ఆ పది రోజులు లేవనుకుని పాఠాలు సర్దుకోవాలి.

ఎందుకంటే ఆ పది రోజులు పోతాయి. 2023 జూలై ఆఖరి వారాన్ని ఎవరు మరిచిపోగలరు? ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి నీట మునిగింది. బడులకు వరుసగా సెలవులు వచ్చాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను హనుమకొండ, వరంగల్ కాలనీలను ముంచింది, అదీ వానాకాలం అయిపోయిందనుకున్నాక.

వానలు ఒక్కటే కాదు. 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వేకు టీచర్లు వెళ్ళినప్పుడు ప్రాథమిక బడులు మూడు వారాల పాటు ఒంటిపూట నడిచాయి. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో పంచాయతీ ఎన్నికలు. పోలింగ్ మన తరగతి గదుల్లోనే, సిబ్బంది మనమే. 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు ఉన్నాయి. విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షను టీచర్లను ఎన్నికలు, జనాభా లెక్కలు, విపత్తు సహాయం తప్ప చదువుకు సంబంధం లేని పనికి వాడకూడదంటుంది. ఆ మూడూ మనకు తప్పవు. కాబట్టి 2026-27లో పదో తరగతి రివిజన్ బరువంతా ఫిబ్రవరి మీద పెట్టుకోకండి.

నా లెక్క ఇలా ఉంటుంది. వానలకు నాలుగు, ఎన్నికలు, సర్వేలకు మూడు, బందులకు, అనుకోని సెలవులకు రెండు, ఊరి పండుగకు ఒకటి. వాగు ఒడ్డున ఉన్న బడైతే వానలకు ఆరు. ఒక ఏడాది ఇవన్నీ పోకుండా మిగిలితే ఫిబ్రవరిలో రివిజన్‌కు పది రోజులు కలిసొస్తాయి.

నాలుగో అడుగు: రోజును నిమిషాల్లో కొలవండి

2024 జూలైలో హైస్కూళ్ళ వేళలు ఉదయం 9 నుంచి సాయంత్రం 4.15కు మారాయి. జంట నగరాలలో మాత్రం వేరు. అంటే 435 నిమిషాలు. వాటిని నేను ఇలా పంచాను.

9.00 నుంచి 9.15 ప్రార్థన. 9.15 నుంచి 10.45 దాకా రెండు పీరియడ్లు. పది నిమిషాల విరామం. 10.55 నుంచి 12.25 దాకా ఇంకో రెండు. 12.25 నుంచి 1.10 దాకా భోజనం. 1.10 నుంచి 2.40 దాకా రెండు. మళ్ళీ పది నిమిషాలు. 2.50 నుంచి 3.35 దాకా ఏడోది, 3.35 నుంచి 4.15 దాకా ఎనిమిదోది. ఏడు పీరియడ్లు 45 నిమిషాలవి, ఒకటి 40ది. మొత్తం బోధన 355 నిమిషాలు, ఆరు గంటలకు అయిదు నిమిషాలు తక్కువ.

కాగితం మీద ఇది చాలా బాగుంది. ఏడాదికి 1300 గంటలు దాటుతుంది, చట్టం అడిగే 1000 కంటే ఎక్కువే. కానీ ఒక వారం పాటు గడియారం పట్టుకుని చూడండి. ప్రార్థనలో ప్రకటనలు ఇరవై అయిదు నిమిషాలకు సాగుతాయి. భోజనం వరుస ఒంటి గంటకు కూడా తెగదు. పీరియడు పీరియడుకూ మధ్య మూడు నిమిషాలు. అన్నీ కలిపితే రోజుకు ఒక పీరియడు ఊరికే పోతుంది. దీనికి నేను చేసినవి రెండే పనులు. ప్రకటనలన్నీ బోర్డు మీద రాయించాను. భోజనానికి ఆరు, ఏడు తరగతులను పది నిమిషాలు ముందు వదిలి, ఆ పది నిమిషాలు వాళ్ళ ఆఖరి పీరియడులో కలిపాను.

తొమ్మిదికి బడి అంటే తొమ్మిదికి పిల్లలు రాగలగాలి. బస్సు ఊళ్ళోకి 9.20కి వచ్చేట్టయితే మొదటి పీరియడు ఆ పిల్లలకు ఏడాదంతా లేనట్టే. జూన్ మొదటి వారంలో కమిటీ తల్లులతో కలిసి డిపో మేనేజరుకు దరఖాస్తు ఇవ్వండి. ఎంతమంది పిల్లలు, ఏ స్టేజీ, ఏ టైము అని పట్టిక రాసి ఇస్తే వింటారు. బస్సు మారేదాకా మొదటి పీరియడు గణితం పెట్టకండి, రెండోది పెట్టండి. మధ్యాహ్నం భోజనం తర్వాతి పీరియడుకు ప్రయోగాలు, చేతితో చేసేవి, ఆఖరి పీరియడుకు ఆటలు, లైబ్రరీ. ఆ ఆటల పీరియడును పదో తరగతికి కూడా తీసేయవద్దని నా మనవి.

పదో తరగతి అదనపు తరగతులకు 5 గంటల గీత దాటకండి. డిసెంబరులో 5.40కల్లా పొద్దు గూకుతుంది. తండాకు రెండు కిలోమీటర్లు నడిచే ఆడపిల్ల వెలుతురుండగానే ఇల్లు చేరాలి. అదనంగా కావాలంటే పొద్దున 8.15కు పెట్టుకోండి, అదీ తల్లులను అడిగాకే.

ఐదో అడుగు: ఒంటిపూట బడులకు వేరే టైంటేబుల్

మార్చి 15 ప్రాంతంలో మొదలై ఏడాది చివరి పనిదినం దాకా ఉదయం 8 నుంచి 12.30 దాకా బడి. పరీక్షా కేంద్రాలున్న చోట పదో తరగతి పరీక్షలయ్యేదాకా మధ్యాహ్నం నడుస్తుంది. 2026 లెక్కలో ఆదివారాలు, పండుగలు పోగా సుమారు 28 రోజులు.

చాలా బడుల్లో ఎనిమిది పీరియడ్లనే 30 నిమిషాలకు కుదిస్తారు. ఎండకు టీచరు గదిలోకి వచ్చి, హాజరు వేసి, పాఠం ఎత్తుకునేసరికే గంట కొడతారు. దానికి బదులు ప్రార్థన 10 నిమిషాలు, 40 నిమిషాల పీరియడ్లు ఆరు, విరామం 20 నిమిషాలు. సరిగ్గా 270 నిమిషాలు. తగ్గిన రెండు పీరియడ్లను రోజు మార్చి రోజు తిప్పండి. విరామం పది దాటగానే, పొడుగ్గా ఉండాలి, ఎందుకంటే ఏడింటికే ఏమీ తినకుండా ఇల్లు వదిలిన పిల్లలు ఉంటారు. రేకుల గదులుంటే 11 తర్వాత ఆ తరగతిని వరండాలోకో చెట్టు కిందికో మార్చండి.

ఆరో అడుగు: సెలవు కబురు, పోయిన రోజు తిరిగి రావడం

వాన సెలవు కబురు రాత్రి పదింటికి వాట్సాప్‌లో వస్తుంది, పొద్దున ఏడింటికి కూడా వస్తుంది. పాత ఏడాది సెలవు ఉత్తర్వును కొత్తదానిలా తిప్పేవాళ్ళూ ఉంటారు. ఒక్క నియమం పెట్టుకోండి: డీఈఓ (జిల్లా విద్యాధికారి) లేదా ఎంఈఓ (మండల విద్యాధికారి) నుంచి వచ్చి, తేదీ సరిచూసుకున్నాకే క్లాసు గ్రూపులో పెట్టాలి, పెట్టేది హెడ్మాస్టరు ఒక్కరే. ఫోను లేని ఇళ్ళకు పంచాయతీ మైకులో చెప్పించండి.

సెలవు అయిన మూడు రోజుల్లోపు, ఏ రెండో శనివారం లేదా ఏ సెలవును పనిదినం చేస్తారో పైనుంచి ఉత్తర్వు చూసుకుని తేదీ ప్రకటించండి. ఊరి పండుగకు మీరు అడిగి తీసుకున్న సెలవైతే, అనుమతి లేఖలోనే తిరిగి నడిపే తేదీ రాసి ఇవ్వండి. నెలాఖరుకు వేద్దామనుకుంటే ఆ రోజు ఎప్పటికీ రాదు. తిరిగి నడిపే శనివారం మధ్యాహ్న భోజనం ఉంటుందని వంటమ్మకు రెండు రోజుల ముందే చెప్పాలి. అది మరిచిపోతే పిల్లలు పస్తులుంటారు.

ఏడో అడుగు: తల్లుల ముందు పెట్టండి

జూన్ రెండో వారంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీని, సబ్జెక్టు టీచర్లను ఒకేచోట కూర్చోబెట్టి చార్టు చూపించండి. గంట చాలు. ‘మీ పిల్లకు కొత్త పాఠం చెప్పడానికి ఉన్నవి 130 రోజులమ్మా’ అని ఆ సంఖ్యను నోటితో చెప్పండి. పత్తికి ఒక్క రోజు ఆపితే ఏం పోతుందో తల్లికి అప్పుడు లెక్క తెలుస్తుంది. నేను ఇలా చెప్పిన మొదటి ఏడాది ఒక తల్లి లేచి, ‘అంగడి రోజు మా పిల్లను ఇంట్ల ఉంచను సార్, కానీ మీరు గూడ ఆ రోజు పాఠం తప్పకుండ చెప్పాలె’ అంది. ఆ మాటను చార్టు కింద రాసి పెట్టాను.

ఒక కాపీ హెడ్మాస్టరు గదిలో, ఒకటి స్టాఫ్ రూములో, పెద్దది వరండాలో పిల్లలకు అందే ఎత్తులో పెట్టండి. ప్రతి నెల ఆఖరి పనిదినం నాడు పోయిన రోజులను దాచిన పదిలోంచి కొట్టేయండి. ఆ పని పదో తరగతి పిల్లలకే అప్పగించండి, ఎన్ని మిగిలాయో వాళ్ళే చెబుతారు. అక్టోబరు చివరికి దాచిన వాటిలో ఏడు కంటే ఎక్కువ పోయి ఉంటే, దసరా తర్వాతి పాఠ్య ప్రణాళికను అదే వారం మళ్ళీ రాయండి, డిసెంబరు దాకా ఆగకండి.